పురుగు గుడ్డు

ఆ సందులో పందెం ఉన్న ఆదివారం సాయంత్రం ఎవరూ గట్టిగా దగ్గేవారు కాదు. మోటారు సైకిళ్ళున్నవాళ్ళు ఇంజను ఆపి సందు చివరి దాకా తోసుకుపోయేవారు. కుక్కరు ఎక్కించేవారు కాదు, కూత పెడుతుందని. చంటిపిల్లల తల్లులు పాలసీసాలు ముందే కలిపి దగ్గర పెట్టుకునేవారు. ఇదంతా గడియారం మామ పావురాల కోసం.

"ఈ సందులో చావాలన్నా సోమవారం దాకా ఆగాలి. ఆదివారం చస్తే ఏడవడానికి వీల్లేదు" అనేవాడు పక్క సందు కసాయి. కసాయికీ పావురాలున్నాయి. పందెంలో మామకు పోటీ ఆయనే.

మామ పాత గడియారాలు బాగుచేసేవాడు. ఇంటి ముందు గదే దుకాణం. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం పళ్ళచక్రాలతో కుస్తీ. మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా ఆ అద్దం తీసేవాడు కాదు. ఎదుటివాడిలో ఏ పన్ను అరిగిందో చూస్తున్నట్టుండేది. మేడ మీద చెక్కలతో, తీగ వలతో కట్టిన పావురాల గూడుంది. కప్పులు గెలిచినవాడు ఆయన. రెట్ట గీకింది, నీళ్ళు మోసింది, జబ్బు చేస్తే ముక్కులో మందు పోసింది ఆయన పెళ్ళాం. పాల డబ్బాలో గింజలు పోసి రోజూ రెండు పూటలా ఊపి పిలిచేది కనుక సందంతా ఆమెను డబ్బా అత్త అనేది. అలా పిలవగా పిలవగా అసలు పేరు వాడక్కర్లేకుండా పోయింది.

పావురాలు మామను చూస్తే పక్కకు జరిగేవి. అత్త డబ్బా ఊపితే ఎక్కడున్నా వచ్చి భుజం మీద వాలేవి. ఈ సంగతి మామకు తెలుసు. తెలిసినా నోటితో ఒప్పుకోడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

ఆ ఏడాది పెద్ద పందెం దూరపు ఊరి నుంచి పెట్టారు. కొండలు చుట్టుకుని రోడ్డున పోతే వెయ్యి కిలోమీటర్లు. మామ పటం మీద దారం పెట్టి రెండు ఊళ్ళ మధ్యా బిగించి లాగాడు. ఏడు వందలు.

"మనిషికి వెయ్యి, పక్షికి ఏడు వందలు. ఎవరిది తెలివో చూడండి" అన్నాడు భోజనాల దగ్గర.

"విమానంలో గంటంబావే మామయ్యా" అన్నాడు అల్లుడు.

"విమానానికి ఇల్లుందిట్రా? ఎవడెక్కితే వాడితో పోతుంది. నా పక్షికి ఇల్లుంది. తెల్లారి వదిలితే సాయంత్రం టీ వేళకి నా గూట్లో ఉంటుంది."

"నేను మాత్రం ఆ మర్నాడు పొద్దున్న గానీ రాను" అని అల్లుడు పెళ్ళాం వంక చూసి నవ్వాడు.

అల్లుడు పావురాల క్లబ్బు వ్యాను తోలేవాడు. పందెం పక్షులన్నిటినీ బుట్టల్లో పెట్టుకుని దూరపు ఊరు తీసుకుపోయి, తెల్లవారగానే తలుపులెత్తి వదిలి, ఖాళీ బుట్టలతో వెనక్కి రావడం పని. ఆ పని ఇప్పించింది మామే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇద్దరినీ తన ఇంటి వెనక గదిలోనే ఉంచాడు. వేరు కాపురం మాటెత్తితే, "వ్యాను తాళాలు అక్కడ పెట్టి వెళ్ళండి" అనేవాడు. కూతురికిప్పుడు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు.

ఆ పూట మామ సంతోషంగా ఉన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "బొల్లిది కప్పు తెచ్చిందనుకో, మీ ఇద్దరూ వేరే ఇల్లు చూసుకోండి. తాళాలు నీ దగ్గరే ఉంటాయి. తేలేదా, ఇహ ఆ మాట నా ముందు ఎత్తకండి."

కూతురు అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకుని మొగుడి వంక చూసింది. ఏడాదిగా అడిగి అడిగి నోరు నొప్పెట్టిన మాట అది. ఇప్పుడు ఒక పావురం రెక్కలకు కట్టేశాడు.

బొల్లిది అంటే ముఖాన తెల్ల మచ్చ ఉన్న ఆడ పావురం. ఒంట్లో పెద్ద బలం లేదు. కాని గూట్లో గుడ్డు మీద మనసున్నప్పుడు దాన్ని ఎంత దూరం తీసుకుపోయి వదిలినా గాలిని చీల్చుకుంటూ వచ్చేది. మామ ఆ మనసు మీదే పందెం కాసేవాడు. దానికో ఉపాయం ఉంది. పావురాలు పెంచేవాళ్ళలో కూడా అందరూ చెయ్యరు. చేసినవాళ్ళు చెప్పుకోరు.

గుడ్డులో పిల్ల కదిలి లోపల్నుంచి పెంకు గీరడం మొదలెడితే తల్లికి పిచ్చెక్కుతుంది. ఆ గంటలో దాన్ని గుడ్డు మీద నుంచి లేపి బుట్టలో వేస్తే, వదిలిన మరుక్షణం ఇంటిదారి పడుతుంది. తిండి చూడదు, నీళ్ళు చూడదు, డేగను చూడదు. చిక్కేమిటంటే అసలు గుడ్డుకు పందెం తేదీ తెలియదు. అందుకని మామ అసలు గుడ్లు తీసి పారేసేవాడు. ఒకదాన్ని రెండు వైపులా పొడిచి, లోపలి సొన ఊది, ఆరబెట్టి, అందులోకి బతికున్న పురుగును తోసి, పల్చటి కాగితం అంటించి మైనం పూసేవాళ్ళు. పావురం పొదిగే మట్టి మూకుట్లో పెడితే లోపల పురుగు కాళ్ళతో గీరుతుంది. పిల్ల వచ్చేస్తోందని తల్లి అనుకుంటుంది.

ఉపాయం మామది. చేతులు అత్తవి. మామ వేళ్ళు గడియారం చక్రాలను పట్టగలవు గాని పావురం గుడ్డును పడితే పగిలేది.

శుక్రవారం పక్షుల్ని బుట్టలో పెట్టాలి. ఆ మధ్యాహ్నం అత్త గూటి ముందు పీట వేసుకుని గుడ్డు పని చేస్తోంది. కూతురు ఇనుప మెట్లు ఒక్కోటీ ఎక్కి, చివరి మెట్టు మీద కూలబడి ఆయాసం తీర్చుకుంది.

"ఎందుకెక్కావే? నాన్న చూస్తే నన్ను తిడతాడు."

"కింద ఉక్కగా ఉంది." కూతురు వంగి చూసింది. కట్టెల కింద దొరికిన నల్ల పురుగు గుడ్డు లోపలికి పోనంటూ తన్నుకుంటోంది. "పాపం కదే అమ్మా."

"ఎవరు? పురుగా, పావురమా?"

"ఇద్దరూనూ."

"పాపం అనుకుంటే నీకు వేరే ఇల్లు రాదు" అంది అత్త. పురుగును చిటికెన వేలితో లోపలికి నెట్టి కాగితం అద్దింది. కొవ్వొత్తి వంచి ఒక్క బొట్టు మైనం వేసింది. చెవి దగ్గర పెట్టుకుని విని, కూతురి చెవి దగ్గర పెట్టింది. "విను."

కూతురు విని, చప్పున తల వెనక్కి తీసుకుంది. "అచ్చం లోపల ఎవరో ఉన్నట్టే ఉంది."

అత్త గుడ్డును బొల్లిదాని కింద పెట్టింది. పక్షి ఒకసారి కదిలి సర్దుకుంది. తర్వాత బిగుసుకుపోయింది. తల వంచి పొట్ట కిందికి చూసుకుంది. గొంతులో సన్నగా ఏదో మొదలుపెట్టింది. ఆ కూత మామూలప్పుడు వినబడదు.

"పిల్ల లేదని తెలిసిపోతే ఏం చేస్తుందే?"

"రెండు రోజులు కూర్చుంటుంది. తర్వాత లేస్తుంది. పక్షికి మరుపెక్కువ."

"మరి మనిషికి?"

"మనిషికి పనెక్కువ. లే, కిందికి పద."

కాసేపటికి అత్త దాన్ని గుడ్డు మీద నుంచి లేపింది. బొల్లిది ఎప్పుడూ పొడవనిది, ఆ రోజు ఆమె మణికట్టు మీద రక్తం వచ్చేలా పొడిచింది. అత్త దాని రెక్కలు అదిమి బుట్టలో పెట్టి మూత బిగించింది. కాలికి రబ్బరు ఉంగరం వేయడానికి క్లబ్బు సెక్రెటరీ వచ్చాడు. వేసి, అంకె చూసి, పందెం గడియారానికి సీలు వేసి ఇచ్చిపోయాడు. పందెంలో పక్షి మేడ మీద వాలితే సరిపోదు. గూట్లోకి దూరాలి, కాలి ఉంగరం ఊడదీయాలి, ఆ గడియారం పెట్టెలో వేసి మీట నొక్కాలి. అప్పటి దాకా అది ఇంకా దారిలో ఉన్నట్టే లెక్క.

సాయంత్రం అల్లుడు వ్యాను ఎక్కుతూ బుట్టలోకి తొంగి చూశాడు. "బొల్లీ, ఇంటికి నాకన్నా ముందు నువ్వే పోతావు. మా ఆవిడ్ని అడిగానని చెప్పు." పెళ్ళాం పొట్ట వైపు చూపిస్తూ, "వీణ్ణి నేనొచ్చే దాకా ఆగమను" అన్నాడు.

"వాడో, అదో" అంది ఆ పిల్ల.

"ఎవరైతేనేం, ఆగమను."

"డాక్టరమ్మ ఇంకా రెండు వారాలంది. నువ్వు రోడ్డు చూసి తోలు నాయనా" అంది అత్త.

ఆదివారం తెల్లవారుతుండగా ఫోను చేశాడు. వదిలాను మామయ్యా, గాలి వెనక నుంచే ఉంది, అన్నాడు. మామ పటం, దారం, పెన్సిలు పట్టుకుని లెక్క వేసి, టీ వేళ కన్నా ముందే వస్తుందని తేల్చాడు. మధ్యాహ్నం అన్నం మేడ మీదికే తెప్పించుకున్నాడు.

అన్నం పళ్ళెం తీసుకుని అత్త కిందికి వచ్చేసరికి కూతురు వెనక గదిలో మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది.

"నొప్పులా?"

"పొద్దుటి నుంచీ."

"పొద్దుటి నుంచా! నోట్లో నాలుక లేదుటే?"

"నాన్న కేకలేస్తాడు. ఎలాగూ సాయంత్రం వచ్చేస్తుంది కదా." నొప్పి ఆగాక నవ్వడానికి చూసింది. "కప్పు వస్తే ఇల్లు వస్తుంది. నేనాగగలనే."

అత్త మెట్లెక్కింది. మామ నీళ్ళ తొట్టె నీడలో కుర్చీ వేసుకుని కళ్ళల్లో వత్తులు వేసుకుని ఆకాశం చూస్తున్నాడు. సంగతి చెప్పింది.

"తొలి కాన్పు" అన్నాడు ఆయన, తల దించకుండానే. "నీకు దీని కాన్పు పగలూ రాత్రీ పట్టింది. గుర్తుందా? దీనికీ అంతే. పక్షికి ఇంక గంట."

"టాక్సీ పిలుద్దాం."

"టాక్సీ సందులోకి వస్తే బొల్లిది ఇటు చూస్తుందా? అది గూట్లో దూరనీ. మరుక్షణం నేనే పోయి తెస్తా."

"సందు చివరి దాకా నేనే నడిపించుకుపోతాను. అక్కడ ఎక్కిస్తాను."

"మరి డబ్బా ఎవరు ఊపుతారు?"

"నువ్వు ఊపు."

మామ అప్పుడు తల దించాడు. నుదుటి మీదున్న భూతద్దం తీసి చేత్తో పట్టుకున్నాడు. "నా చేతికి దిగుతుందిటే అది?" అన్నాడు.

కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. కింద కూతురు నొప్పులు పడుతోంది, పైన మొగుడు మొదటిసారి నీ చెయ్యి లేనిదే నా పని కాదంటున్నాడు. ఆ మాట చెవికి తియ్యగా తగిలింది. తగిలినందుకు తర్వాత తనను తాను తిట్టుకోవడానికి అత్తకు మాట దొరకలేదు. అప్పుడు మాత్రం, "సరే, గంటే కదా" అనుకుంది.

కిందికి పోయి కూతురితో, "ఎదురింటి కుట్టుమిషను ఆవిడతో పోతావా? తీసుకుపోతుంది" అంది.

"నువ్వు లేకుండా పోను."

"అయితే కాసేపు ఓర్చుకో తల్లీ. దిగగానే వస్తాను."

గంట గడిచింది. మరో గంట గడిచింది. మామ లెక్క ప్రకారం వెనక నుంచి వీచాల్సిన గాలి నడిదారిలో ఎక్కడో మళ్ళినట్టుంది. ఆకాశంలో కాకి తప్ప ఏమీ లేదు. సందు సద్దుమణిగి ఉంది. చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. ఆ నిశ్శబ్దంలోకి కింది గది నుంచి కూతురి కేక వచ్చింది.

"అమ్మా!"

మామ పళ్ళు కొరికాడు. "దాని నోరు మూయించు పో."

అత్త దిగింది. కూతురు మంచం దిగి నేల మీద ఉంది. కింద పరిచిన దుప్పటి తడిసింది. నీళ్ళే అనుకుంది అత్త. దగ్గరికి పోయాక ఎరుపు కనబడింది.

"వచ్చిందా?" అంది కూతురు.

"వస్తోంది. ఇదిగో, ఈ తువ్వాలు కొరుకు. గట్టిగా కొరుకు. ఒక్క పది నిమిషాలు."

"అమ్మా, నువ్వుండవే."

"పది నిమిషాలే తల్లీ." చెయ్యి విడిపించుకోవడానికి ఒక్కొక్క వేలూ ఊడదీయాల్సి వచ్చింది.

మేడ ఎక్కేసరికి మామ నిలబడి ఉన్నాడు. ఉత్తరాన, ఇళ్ళ కప్పుల పైన, ఒక చుక్క. చుక్క రెక్కలైంది. ముఖాన తెలుపు కనబడింది. మామ మోచేత్తో పొడిచాడు. అత్త డబ్బా ఊపింది.

బొల్లిది ఒక్క చుట్టు తిరిగి రెక్కలు ముడుచుకుంటూ కిందికి జారింది. సరిగ్గా అప్పుడే కింద ఇనుప మెట్ల కమ్మీ మీద స్టీలు గ్లాసుతో కొట్టిన చప్పుడు. టంగ్. టంగ్. నోట్లో తువ్వాలున్న మనిషికి పిలవడానికి అదొక్కటే మిగిలింది. పక్షి బెదిరి పైకి లేచింది. పోయి ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద కూర్చుంది.

"పాడుచేసింది" అన్నాడు మామ, పెదవులు కదపకుండా. "ఊపు. ఆపకు. ఊపు."

అత్త ఊపింది. పక్షి మెడ చాచింది. టంగ్. మెడ ముడుచుకుంది. ఎదురింట్లో కుట్టుమిషను ఆవిడ కిటికీ తీసింది. మెట్ల వైపు చూసింది, మేడ వైపు చూసింది. మామ వేలు పెదవి మీద పెట్టుకుని చూపించాడు. ఆవిడ చప్పుడు కాకుండా కిటికీ మూసేసింది. పక్క సందు మేడ మీద నుంచి కసాయి ఈల వినబడింది. ఆయన పక్షి కూడా వచ్చేస్తున్నట్టుంది.

మామ చెప్పులు విడిచి ఉత్త కాళ్ళతో మెట్లు దిగాడు. అత్త తిరిగి చూడలేదు. చూస్తే డబ్బా ఆగుతుంది. టంగ్ మన్న చప్పుడు సగంలో ఆగిపోయింది. మామ మళ్ళీ పైకి వచ్చి, చేతిలో ఉన్న గ్లాసును పిట్టగోడ మీద మెల్లిగా, చప్పుడు కాకుండా పెట్టాడు.

గ్లాసు అంచు మీద నాలుగు వేళ్ళ మరకలున్నాయి. అత్త వాటిని చూసింది. చూస్తూనే డబ్బా ఊపింది.

ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. బొల్లిది ట్యాంకు మీద నుంచి లేచి, సందు దాటి, గూటి ముందు పలక మీద వాలింది. ఊచల తలుపు తోసుకుని లోపలికి పోయింది. గింజల వంక చూడలేదు, నీళ్ళ వంక చూడలేదు. సూటిగా మూకుట్లోకి నడిచి ఆ గుడ్డు మీద కూర్చుంది. మామ దాని కాలు పట్టి ఉంగరం లాగి పెట్టెలో వేసి మీట నొక్కాడు. టక్కుమంది. పక్క సందులో కసాయి ఇంకా ఈల వేస్తూనే ఉన్నాడు.

"ఆ" అన్నాడు. "ఇప్పుడు టాక్సీ పిలుస్తా."

అత్త మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు. కూతురు మెట్ల మొదట గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పళ్ళ మధ్య తువ్వాలు అలాగే ఉంది. చెయ్యి కమ్మీ మీద ఉంది, గ్లాసు పట్టుకున్నట్టే వేళ్ళు వంగి.

టాక్సీ సందు పొడుగునా హారను కొట్టుకుంటూ వచ్చింది. ఇక కొట్టుకోవచ్చు.

ఆస్పత్రిలో ముందు తలుపులు మూశారు. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. తల్లి గట్టెక్కింది. బిడ్డ ఏడవలేదు. ఆడపిల్ల. నిండుగా పెరిగిన పిల్ల, ఏ వంకా లేదు.

"పొద్దుటి నుంచీ నొప్పులంటోంది. ఇంతసేపూ ఏం చేశారు? మీ ఇల్లు ఎంత దూరం?" అంది డాక్టరమ్మ.

అత్త మొగుడి వంక చూసింది. మామ చెప్పులు చూసుకుంటున్నాడు.

"టాక్సీలో పది నిమిషాలు" అంది అత్త.

డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

మామ జేబులో ఫోను మోగింది. ఆయన తీసి చూసి పెళ్ళాం చేతిలో పెట్టాడు. రోడ్డు పక్క ఎక్కడో వ్యాను ఆపి అల్లుడు చేస్తున్నాడు. లారీల చప్పుడు.

"అత్తయ్యా, బొల్లిది వచ్చిందా?"

"వచ్చింది."

"కసాయి బాబాయిది?"

"తర్వాత వచ్చింది."

"అబ్బ! చూశారా! నేనన్నానా లేదా? మా ఆవిడేం చేస్తోంది, పడుకుందా? లేపి చెప్పండి, ఇల్లు చూసుకోమనండి. పొద్దుటికి వచ్చేస్తా." హుషారుగా వ్యాను హారను రెండుసార్లు కొట్టాడు.

"మెల్లిగా రా నాయనా" అంది అత్త. అంతకన్నా ఏమీ చెప్పలేదు. రాత్రంతా అతను సంతోషంగా వ్యాను తోలాడు.

మర్నాడు కప్పు సంగతి మాట్లాడ్డానికి కసాయి వచ్చి, విషయం విని, గుమ్మంలోనే ఆగిపోయాడు. మామ, "దైవం అలా రాశాడు" అన్నాడు.

కసాయి గుమ్మం దిగి వెనక్కి తిరిగాడు. "నేను రోజూ గొంతులు కోసేవాణ్ణే మామా. అయినా కోసేముందు నీళ్ళు తాగిస్తాను" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మామ మాట తప్పే మనిషి కాదు. కూతురు లేచి నడవగలిగిన రోజున, "వేరే ఇల్లు చూసుకోండి. అన్నాను గనక అన్నానంతే" అన్నాడు. వ్యాను తాళాలు అల్లుడే తెచ్చి గడియారాల బల్ల మీద పడేశాడు. రొట్టెల కంపెనీలో బండి తోలడానికి కుదురుకున్నాడు. ఇల్లు చూశారు. ఆస్పత్రి వెనక వీధి.

సామాను ఎక్కించాక కూతురు వెనక గదిలో చివరిసారి చుట్టూ చూసింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తండ్రిని ఒక్క మాట అనలేదు. తల్లిని కూడా అనలేదు. అత్త దగ్గరికి పోయి తల నిమరబోయింది.

"నువ్వు డబ్బా ఊపుతుంటే నాకు కిందికి వినిపించిందే అమ్మా" అంది కూతురు. "నేను పిలిచింది నీకు వినిపించిందా?"

అత్తకు అబద్ధం చెప్పాలని ఉంది, చెప్పలేదు. "వినిపించింది" అంది.

కూతురు తల ఊపింది. తెలుసుకుందామనే అడిగినట్టు, తెలిసిపోయినట్టు. వెళ్ళి బండిలో కూర్చుంది.

తర్వాత అత్త మూడుసార్లు ఆ ఇంటికి పోయింది. మొదటిసారి అల్లుడు గుమ్మంలో నిలబడి, "పడుకుంది అత్తయ్యా" అన్నాడు. రెండోసారీ పడుకునే ఉంది. మూడోసారి తలుపు తియ్యలేదు. లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు వస్తూనే ఉంది. అత్త గుమ్మం ముందు కాసేపు నిలబడి, టాక్సీకి మనసొప్పక నడిచి ఇంటికొచ్చింది.

బొల్లిది మాత్రం గుడ్డు మీద నుంచి లేవలేదు. రెండు రోజులన్నది రెండు వారాలు దాటింది. లోపలి పురుగు ఎప్పుడో చచ్చిపోయింది. మెతుకు దగ్గర పెడితే తినేది, లేకపోతే లేదు. ఈకలు రాలుతున్నాయి. అత్త గుడ్డు తీయబోతే గొంతులో ఆ సన్నటి కూత కూసేది. తీయలేక వదిలేసేది.

సీజను ఆఖరి పందెం వచ్చింది. మళ్ళీ ఆ దూరపు ఊరి నుంచే.

"బొల్లిదాన్నే పంపుదాం" అన్నాడు మామ, భూతద్దంలోంచి ఒక చేతి గడియారం పొట్టలోకి చూస్తూ. "చిక్కింది గాని, మనసుంటే బలమెందుకు? కొత్త పురుగును పెట్టి గుడ్డు చెయ్."

"సరే" అంది అత్త.

శుక్రవారం మధ్యాహ్నం మేడ ఎక్కింది. కట్టెల కింద పురుగు కోసం వెతకలేదు. కొవ్వొత్తి వెలిగించలేదు. బొల్లిదాన్ని ఒక చేత్తో ఎత్తి, కింద ఉన్న పాత గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. కాసేపు అలాగే ఉంచుకుంది. తర్వాత నేల మీద పెట్టి మడమతో నొక్కింది. పెంకు, ఎండిన కాళ్ళు. మూకుట్లో గడ్డి కూడా తీసేసి, ఉత్త మూకుడు దాని ముందు పెట్టింది.

"చూసుకో" అంది.

పావురం చూసింది. మూకుట్లోకి దిగింది. గుండ్రంగా తిరిగింది. పొట్ట ఆనించి చూసి లేచింది. మళ్ళీ ఆనించి చూసి లేచింది. అత్త అది పూర్తిగా చూసుకునే దాకా ఆగింది. కోపమో, జాలో, ఆ రెండింటికీ ఇప్పుడు తేడా లేదు. ఆ తర్వాత బుట్టలో పెట్టి మూత బిగించింది. ఈసారి అది పొడవలేదు.

"చేశావా?" అన్నాడు మామ కింద.

"చేశాను."

ఆదివారం సందు మళ్ళీ ఊపిరి బిగబట్టింది. మోటారు సైకిళ్ళు తోసుకుపోయారు. ఎదురింటి కిటికీ మూసే ఉంది. మామ కుర్చీలో, అత్త డబ్బా ఒళ్ళో పెట్టుకుని పీట మీద. టీ వేళ దాటింది. పక్క సందు మేడ మీద కసాయి ఈల, ఆ వెంటనే చప్పట్లు. ఆయన పక్షి దిగింది. ఎండ పిట్టగోడ దిగి, మెట్లు దిగి, సందులోంచి పోయింది. ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. మామ మెడ నొప్పెట్టి చేత్తో వీపు పట్టుకున్నాడు.

"మొన్న వచ్చిన దారే కదుటే" అన్నాడు. "అదే ఊరు, అదే దూరం. దారి మరిచిపోయిందంటావా?"

"దారి తెలుసు దానికి."

"మరి?"

"రావాలని లేదు."

మామ తిరిగి ఆమెను చూశాడు. ఆమె ముఖంలో ఏ పన్ను అరిగిందో కనిపెట్టలేకపోయాడు. అత్త లేచి డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"నువ్వూపు" అంది. మెట్లు దిగింది.

వంటింట్లో దీపం వేసి, బియ్యం కడిగి, కుక్కరు మూత బిగించి పొయ్యి మీద పెట్టింది. మేడ మీద డబ్బా చప్పుడు మొదలైంది. ఆ చెయ్యికి ఊపడం రాదు. గింజలు ఒక పక్కకే పోతున్నాయి.

కుక్కరు మొదటి కూత వేసింది.

"ఆపవే! ఆపు!" అని పైనుంచి మామ గొంతు, గట్టిగా అరవలేక, అరవకుండా ఉండలేక.

అత్త మంట ఇంకాస్త పెంచింది. రెండో కూత సందంతా వినబడింది. కాసేపటికి సందు చివర ఎవరో మోటారు సైకిలు స్టార్టు చేశారు.